కార్బన్ మీద బంగారం–పల్లాడియం నానో క్యాటలిస్ట్ (ఉత్ప్రేరకం) ఎలా చేయాలి, రెండు లోహాలూ ఒకే కణంలో ఉన్నాయని ఎలా తేల్చుకోవాలి

కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, భీమవరం, తాడేపల్లిగూడెం, ఎటు చూసినా ఎమ్మెస్సీ ప్రాజెక్టు వాళ్లూ కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లూ అడిగేవి తిప్పి తిప్పి మూడే ప్రశ్నలు. మన కొబ్బరి చిప్ప బొగ్గు వాడొచ్చా? ద్రావణం నల్లబడింది, ఇక అయిపోయినట్టేనా? ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాలను గుర్తుపట్టే పరీక్ష) ఏమీ కనపడటం లేదు, గైడ్ గారికి ఏం చెప్పాలి? విడివిడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతి ఒకేచోట రాస్తున్నాను. సిద్ధాంతం జోలికి పెద్దగా పోను, అది మీ పుస్తకాల్లో ఉంది.

మొదలుపెట్టేముందు ఒక్క మాట. రెండు లోహాల లవణాలు ఒకే బీకరులో పోసి తగ్గించినంత మాత్రాన (అదేనండి, రిడక్షన్) అది బైమెటాలిక్ (ఒకే కణంలో రెండు లోహాలూ ఉన్నది) అయిపోదు. బియ్యం, పెసరపప్పు ఒకే డబ్బాలో పోసి పొంగలి అంటే ఒప్పుకుంటారా? కార్బన్ మీద ఒకచోట బంగారం కణాలు, ఇంకోచోట పల్లాడియం కణాలు విడివిడిగా కూర్చున్నా ఐసీపీ (ఏ లోహం మొత్తం ఎంత ఉందో కొలిచే పరీక్ష) రిపోర్టులో రెండూ వస్తాయి. అందుకే ఈ రాతలో చేయడం సగం, చూసుకోవడం సగం.

బంగారం–పల్లాడియం జంటనే ఎందుకు ఎంచుకున్నానంటే, రెండూ గాలి తగిలినా చాలావరకు లోహంగానే ఉంటాయి, రంగు చూసి కొంత పోల్చుకోవచ్చు, పద్ధతి బాగా నలిగినది. బంగారం అనగానే టెన్షన్ పడకండి, గ్రాము క్యాటలిస్ట్‌కి పట్టేది ఆరున్నర మిల్లీగ్రాములు. లవణం సీసా కొనడం మాత్రం ఖర్చే, ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోండి.

ఏమేం కావాలి

- కొబ్బరి చిప్ప యాక్టివేటెడ్ కార్బన్, పది గ్రాములైనా (పోలిక ప్రయోగాలకీ ఇదే కార్బన్ కావాలి, మధ్యలో బ్రాండ్ మార్చకూడదు)
- క్లోరోఆరిక్ ఆమ్లం ట్రైహైడ్రేట్ (అణుభారం 393.8, సీసా మీద సరిచూసుకోండి, నీటి అణువుల సంఖ్య మారితే లెక్క మారుతుంది)
- పల్లాడియం క్లోరైడ్ (177.3)
- పాలీవినైల్ ఆల్కహాల్, అంటే పీవీఏ. అణుభారం 9,000–10,000, 80 శాతం హైడ్రోలైజ్ అయినది
- సోడియం బోరోహైడ్రైడ్
- హైడ్రోక్లోరిక్, నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు, కాస్త సిల్వర్ నైట్రేట్
- డీఅయొనైజ్డ్ (డీఐ) నీళ్లు, ధారాళంగా
- స్టిర్రర్, కొత్త మాగ్నెట్ బీడ్, బుక్నర్ గరాటు, వ్యాక్యూమ్ పంపు, ఓవెన్, డెసికేటర్, పీహెచ్ పేపరు, ఫ్యూమ్ హుడ్, కళ్లద్దాలు, గ్లవుజులు

నీళ్ల గురించి విడిగా చెప్పాలి. సముద్రం దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆర్‌ఓ టిన్ను నీళ్లు తాగడానికి బాగుంటాయి, ఈ పనికి చాలవు, వాటిలో లవణాలు ఇంకా మిగిలే ఉంటాయి. క్లోరైడ్ ఉంటే బంగారం కణాలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి. పరీక్ష చాలా తేలిక: టెస్ట్‌ట్యూబులో 5 మి.లీ. నీళ్లు, అందులో 0.1 మోలార్ సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు. నల్ల కాగితం ముందు పెట్టి చూడండి, తెల్లగా మసకబారితే ఆ నీళ్లు పక్కన పెట్టేయండి. ఎవరో నింపిపెట్టిన డీఐ క్యాన్‌ని కూడా ఈ పరీక్ష లేకుండా నమ్మకండి.

లెక్క

1 గ్రాము క్యాటలిస్ట్, మొత్తం లోహం 1 శాతం, బంగారం–పల్లాడియం మోల్ నిష్పత్తి 1:1 అనుకుందాం. లోహం 10 మి.గ్రా. పరమాణు భారాలు 196.97, 106.42, కూడితే 303.39. కాబట్టి ఒక్కో లోహం 0.033 మిల్లీమోల్. అంటే బంగారం 6.49 మి.గ్రా., పల్లాడియం 3.51 మి.గ్రా. లవణాల్లో చెప్పాలంటే క్లోరోఆరిక్ ఆమ్లం 12.98 మి.గ్రా., పల్లాడియం క్లోరైడ్ 5.84 మి.గ్రా. కార్బన్ 0.990 గ్రాములు.

అందరూ పడే మొదటి గుంత ఇక్కడే ఉంది. "1:1" అని చదివి చెరో 5 మి.గ్రా. లోహం తీసుకుంటారు. అది బరువులో 1:1, మోల్స్‌లో దాదాపు 1:1.85. ఆ తర్వాత ఎక్స్‌ఆర్‌డీ పీక్ అనుకున్న చోట రాక మిషన్‌ని తిట్టుకుంటారు. థీసిస్‌లోనూ "మోల్ నిష్పత్తి" అనో "బరువు నిష్పత్తి" అనో తప్పనిసరిగా రాయండి.

ఇక పని

1. గాజుసామాను. బీకర్లు, ఫ్లాస్కులు ద్రవరాజంతో (మూడు వంతులు గాఢ హైడ్రోక్లోరిక్, ఒక వంతు గాఢ నైట్రిక్) తడిపి, పావుగంట ఉంచి, డీఐ నీళ్లతో చాలాసార్లు కడగండి. ఎప్పటికప్పుడు కొత్తగా, ఫ్యూమ్ హుడ్‌లోనే కలపాలి. మూత బిగించి దాచిపెట్టకూడదు, వాయువులు పుట్టి సీసా పేలుతుంది. అసిటోన్‌తో కడిగిన బీకరులో ద్రవరాజం పోయడం అంతకంటే ప్రమాదం. పాత బీడ్‌ల టెఫ్లాన్ గీతల్లో నల్లటి చుక్కలు కనిపిస్తాయి, చూశారా? అది ఇదివరకటి వాళ్ల పల్లాడియం. ఆ బీడ్ వేస్తే క్యాటలిస్ట్ లేకుండానే రియాక్షన్ జరిగిపోతుంది. కొత్తది వాడండి.

2. కార్బన్. మొదటి ప్రశ్నకి జవాబు: ఇస్త్రీ పెట్టెలో వేసే చిప్ప బొగ్గు నేరుగా పనికిరాదు. కాల్చిన బొగ్గులో రంధ్రాలు తెరుచుకుని ఉండవు. దాన్ని 800–900 డిగ్రీల దగ్గర ఆవిరితోనో కార్బన్ డయాక్సైడ్‌తోనో యాక్టివేట్ చేయాలి, అప్పుడే గ్రాముకి వెయ్యి చదరపు మీటర్ల స్థాయి ఉపరితలం వస్తుంది. అంబాజీపేట చుట్టుపక్కల చిప్పకి కరువు లేదు నిజమే, కానీ మీ ప్రాజెక్టు ఆరు నెలలదైతే కార్బన్ తయారీకే మూడు నెలలు పోతాయి. యాక్టివేట్ అయిన కొబ్బరి కార్బన్ బజార్లో దొరుకుతుంది, అది కొనుక్కోండి. నీటి ఫిల్టర్ల కోసం అమ్మేది కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త, సూక్ష్మజీవులు పెరగకుండా వెండి ఎక్కించిన రకం కూడా ఉంటుంది. అది తెస్తే మీది బైమెటాలిక్ కాదు, మూడు లోహాల గందరగోళం. "సిల్వర్ ఇంప్రెగ్నేటెడ్ కాదు" అని అడిగి మరీ తీసుకోండి.

గుళికల్ని రోట్లో నూరి 75 మైక్రాన్ల జల్లెడ పట్టండి. పది గ్రాములకి 100 మి.లీ. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి రాత్రంతా కలపండి. కొబ్బరి చిప్పలో పొటాషియం ఎక్కువ, అది బూడిదలో మిగులుతుంది, ఆ ఉప్పు పోవడానికే ఈ కడుగుడు. తర్వాత వేడి డీఐ నీళ్లతో, సిల్వర్ నైట్రేట్ మసకబారనంత వరకు కడగాలి. సూక్ష్మ రంధ్రాల్లోంచి ఆమ్లం తొందరగా బయటికి రాదు, ఓపిక పట్టాలి. కడిగేశాం అనుకున్నాక మళ్లీ నీళ్లలో గంట నానబెట్టి ఆ నీళ్లని పరీక్షించండి, అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

కొందరు నైట్రిక్ ఆమ్లంతో కూడా ఆక్సీకరిస్తారు: 5 మోలార్, 80 డిగ్రీలు, మూడు నాలుగు గంటలు. ఉపరితలం మీద ఆక్సిజన్ సమూహాలు పెరుగుతాయి, కార్బన్ నీళ్లలో బాగా కలుస్తుంది. గోధుమరంగు పొగ విషం, హుడ్ లేకుండా వద్దు. మొదటిసారి చేసేవాళ్లు ఇది వదిలేయొచ్చు.

ఆఖరున 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి డెసికేటర్‌లో పెట్టండి. ముసురు పట్టిన రోజుల్లో యాక్టివేటెడ్ కార్బన్ బయట పెడితే పది శాతం దాకా తేమ పీల్చినా ఆశ్చర్యం లేదు. తేమతో తూచిన "0.990 గ్రాముల" కార్బన్‌లో కార్బన్ 0.9 గ్రాములే ఉండొచ్చు, మీ 1 శాతం లోడింగ్ అక్కడే తప్పిపోతుంది. డెసికేటర్‌లోంచి తీసిన వెంటనే, మూత ఉన్న సీసాలో తూచండి.

3. స్టాక్ ద్రావణాలు. క్లోరోఆరిక్ ఆమ్లం గాలిలో తేమ తాగి చూస్తుండగానే జిగురవుతుంది. మన వాతావరణంలో 13 మి.గ్రా. తూచడం అయ్యేపని కాదు, తూకం ప్రతి సెకనుకీ పెరుగుతూ పోతుంది. కాబట్టి 1 గ్రాము సీసా మొత్తాన్నీ నీళ్లతో కడిగి 100 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులో పోసి గుర్తు దాకా నింపండి. మి.లీ.కి 10 మి.గ్రా., మనకు కావాల్సింది 1.30 మి.లీ. ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లో ఉంచండి. స్టీలు స్పాచులా అసలు తగలనివ్వకండి, బంగారం స్పాచులాకి పట్టేస్తుంది.

పల్లాడియం క్లోరైడ్ మామూలు నీళ్లలో కరగదు. 58.4 మి.గ్రా. తీసుకుని, 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1 మి.లీ., కాస్త నీళ్లు చేర్చి, 60 డిగ్రీల దగ్గర కలుపుతూ ఉండండి. అడుగున ఒక్క రేణువు కూడా మిగలకుండా కరిగాక 10 మి.లీ.కి నింపండి. ఇందులో 1 మి.లీ. చాలు. "కరగడం లేదండి" అని గాఢ ఆమ్లం దండిగా పోసేవాళ్లుంటారు. ఆ ఆమ్లమంతా తర్వాత బోరోహైడ్రైడ్‌ని తినేస్తుంది, లోహానికి మిగలదు. సమయం పట్టనివ్వండి, ఆమ్లం పెంచకండి.

పీవీఏ 1 శాతం: 100 మి.గ్రా. పొడి 10 మి.లీ. నీళ్లలో, 80–90 డిగ్రీల దగ్గర, తెల్లటి తీగల్లాంటివి పోయేదాకా. వారం దాటితే పారబోసి కొత్తది చేసుకోండి.

4. సోల్ (నానో కణాలు నీళ్లలో తేలుతూ ఉండే ద్రావణం) చేయడం. 1 లీటరు బీకరులో 400 మి.లీ. డీఐ నీళ్లు. బంగారం స్టాక్ 1.30 మి.లీ., పల్లాడియం స్టాక్ 1 మి.లీ., రెండూ పోసి ఐదు నిమిషాలు కలపండి. లేత పసుపు రంగు ఉండాలి. పీవీఏ ద్రావణం 0.65 మి.లీ. చేర్చండి (లోహం బరువుకి 0.65 రెట్లు). ఇంకో రెండు మూడు నిమిషాలు.

ఇప్పుడు బోరోహైడ్రైడ్. మొత్తం లోహం 0.066 మిల్లీమోల్, దానికి ఐదు రెట్లు అంటే 0.33 మిల్లీమోల్, 12.5 మి.గ్రా. 0.1 మోలార్ ద్రావణం అయితే 3.3 మి.లీ. 38 మి.గ్రా. తూచి 10 మి.లీ. ఐసు చల్లటి నీళ్లలో కలిపి, కలిపిన నిమిషాల్లోనే వాడేయాలి. సీసాలో పొడి గడ్డకట్టి, తడితడిగా ఉంటే అది సగం చచ్చిన సరుకు. నీళ్లలో వేయగానే చురుగ్గా బుడగలు రాకపోతే వాడకండి. ద్రావణానికి మూత బిగించకండి, హైడ్రోజన్ వస్తూనే ఉంటుంది. దగ్గర్లో మంట, బర్నర్ ఉండకూడదు.

స్టిర్రర్ వేగం పెంచి, నీళ్లలో సుడి బాగా లోతుగా తిరుగుతుండగా 3.3 మి.లీ. మొత్తం ఒక్క దెబ్బలో పోయండి. చుక్కచుక్కగా పోయకూడదు. బంగారం తేలిగ్గా తగ్గే లోహం కాబట్టి, మెల్లగా పోస్తే ముందు బంగారం గింజలు కట్టి, తర్వాత పల్లాడియం దాని మీదో పక్కనో చేరుతుంది. ఒక్కసారి పోస్తే లేత పసుపు రెప్పపాటులో ముదురు కాఫీ రంగుకి తిరుగుతుంది. అరగంట కలపండి.

బీకరు గోడ వెంట వెలుతురుకి పెట్టి చూడండి. కాఫీ రంగులో వంగపండు ఛాయో ఎరుపో మెరిస్తే బంగారం విడిగా ఉందని అనుమానించాలి. అడుగున నల్లటి నలకలు చేరితే పీవీఏ చాలలేదు, లేదా నీళ్లలో ఉప్పు ఉంది.

5. రెండో ప్రశ్నకి జవాబు: ద్రావణం ముదురు రంగుకి తిరిగినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. ఇక్కడ ఆగి 3 మి.లీ. సోల్ యూవీ-విజిబుల్‌లో (ద్రావణం ఏ కాంతిని ఎంత పీలుస్తుందో గీసే మిషన్) పెట్టండి. ఐదు నిమిషాల పని, దాదాపు ఖర్చు లేనిది, అయినా ఎక్కువమంది చేయరు. బంగారం కణాలు విడిగా ఉంటే 520 నానోమీటర్ల దగ్గర గుబ్బలాంటి పీక్ వస్తుంది. పల్లాడియం కలిసిపోయిన కణాల్లో ఆ పీక్ మాయమై, గీత ఎడమ నుంచి కుడికి సాఫీగా దిగుతుంది. పోలికకి బంగారం ఒక్కటే, పల్లాడియం ఒక్కటే ఉన్న సోల్‌లు కూడా చేసి, ఆ రెండింటినీ సమానంగా కలిపి ఇంకో గీత తీయండి. కలిపినదాంట్లో 520 పీక్ కనపడి, మీదాంట్లో కనపడకపోతే మంచి సూచనే. ఒక్క చిక్కు: బంగారం మీద పల్లాడియం పొరలా కప్పుకున్నా ఈ పీక్ పోతుంది. అందుకని దీన్నిబట్టి "ఆలాయ్" (రెండు లోహాలూ కలగలిసిన మిశ్రమలోహం) అని రాసేయకండి.

6. కార్బన్ మీదికి ఎక్కించడం. సోల్ తిరుగుతుండగానే తూచిన కార్బన్ వేయండి. తర్వాత 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలుగా, పీహెచ్ 1–2 మధ్యకి వచ్చేదాకా, 3 మి.లీ. దగ్గర మొదలుపెట్టి పేపరుతో చూస్తూ పెంచండి. మిగిలిన బోరోహైడ్రైడ్ వల్ల నురుగు వస్తుంది, హుడ్‌లోనే చేయండి. ఆమ్లం ఎందుకంటే, కార్బన్ ఉపరితలం అప్పుడు ధనావేశంతో ఉండి కణాలు అంటుకుంటాయి. గంట కలపండి.

స్టిర్రర్ ఆపి కార్బన్ కిందికి దిగనివ్వండి. పైన నీళ్లు తేటగా, రంగు లేకుండా ఉండాలి. కాఫీ రంగు మిగిలి ఉంటే లోహం ఎక్కలేదన్నట్టే, ఇంకో గంట చూడండి, పీహెచ్ మళ్లీ కొలవండి.

7. వడపోత. మామూలు ఫిల్టర్ పేపరులోంచి సన్న కార్బన్ జారిపోతుంది, వాట్‌మన్ 42 కానీ 0.45 మైక్రాన్ మెంబ్రేన్ కానీ వాడండి. మొదట కారిన నీళ్లు పారబోయొద్దు, కొలిచి సీసాలో పెట్టండి, అది ఐసీపీకి పంపాలి. తర్వాత రెండు లీటర్ల దాకా నీళ్లతో, కారే నీళ్లు తటస్థంగా వచ్చి, సిల్వర్ నైట్రేట్‌కి మసకబారనంత వరకు కడగండి. ఆఖరు లీటరు 80–90 డిగ్రీల వేడి నీళ్లు పోస్తే కణాల మీద పట్టిన పీవీఏ కొంత వదులుతుంది. 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టండి.

ఈ ఒక్క హెచ్చరిక ఎర్ర సిరాతో రాసుకోండి: ఆరిన పల్లాడియం–కార్బన్ మీద మిథనాల్, ఇథనాల్ లాంటివి పోస్తే అంటుకోవచ్చు. హైడ్రోజన్ తగిలిన పల్లాడియం అయితే మరీను. ముందు నీళ్లతో తడపాలి, ఆ తర్వాతే ఆల్కహాల్. వాడేసిన క్యాటలిస్ట్‌ని వడపోత గరాటులో పొడిగా పీల్చనివ్వకండి, ఆ ఫిల్టర్ పేపర్లు చెత్తబుట్టలో వేయకండి, నీళ్లలో వేసి ఉంచండి.

8. లోహం ఎంత ఎక్కింది? 50 మి.గ్రా. క్యాటలిస్ట్‌ని వేడి ద్రవరాజంలో ఉడికించి, వడగట్టి, మిగిలిన కార్బన్‌ని మళ్లీ ఒకసారి ఉడికించి, రెండూ కలిపి పలచన చేసి ఐసీపీకి ఇవ్వండి. దాచిన మొదటి వడపోత నీళ్లు కూడా. ఎక్కింది, నీళ్లలో పోయింది కూడితే మీరు వేసిన దానికి దగ్గరగా రావాలి. రాకపోతే ఎక్కడో లోహం బీకరు గోడకి పట్టింది, లేదా స్టాక్ లెక్క తప్పు. "లోడింగ్ 1 శాతం" అని వేసిన లెక్కని కొలిచిన లెక్కగా రాయడం చాలా చోట్ల చూస్తాం, మంచి అలవాటు కాదు.

9. ఎక్స్‌ఆర్‌డీ. రాగి కిరణంతో తీస్తే బంగారం ముఖ్య పీక్ 38.2 డిగ్రీలు, పల్లాడియంది 40.1 డిగ్రీలు. 1:1 ఆలాయ్ అయితే 39.1 దగ్గర ఒక్కటే రావాలి. కాగితం మీద ఇంత సుఖంగా ఉంటుంది. అసలు పటంలో 1 శాతం లోహం, 4 నానోమీటర్ల కణాలు, పీక్ వెడల్పే రెండు డిగ్రీల పైచిలుకు. అంటే బంగారం, పల్లాడియం విడిగా ఉన్నా ఆ రెండు పీక్‌లూ ఒకదానిమీద ఒకటి పడి ఒకే గుట్టలా కనిపిస్తాయి. పైగా 43–44 దగ్గర కార్బన్ గుట్ట వేరే. కాబట్టి ఏమీ కనపడకపోవడం తప్పు కాదు, ఒకరకంగా కణాలు చిన్నవని అర్థం. 36 నుంచి 42 దాకా చాలా నెమ్మదిగా స్కాన్ చేయించండి, ఉత్త కార్బన్‌దీ అదే సెట్టింగులో తీయించి పక్కన పెట్టి చూడండి.

సన్నగా, సూదిలా పీక్‌లు వస్తే సంబరపడేముందు మూడు చూడాలి. 38.5 దగ్గర వచ్చినది అల్యూమినియం హోల్డర్‌ది కావచ్చు, 44.7 దగ్గర ఇంకోటి కనిపిస్తే అదే. 40.5 దగ్గర వచ్చినది పల్లాడియం కాకుండా పొటాషియం క్లోరైడ్ కావచ్చు, 28.3 దగ్గర తోడు ఉంటే ఖాయం, కార్బన్ సరిగా కడగలేదు. 26.6 దగ్గరది ఇసుక. కొబ్బరి కార్బన్ వాడేవాళ్లని ఈ 40.5 మోసం చేసినంతగా ఇంకేదీ చేయదు.

10. టీఈఎం, అంటే నానో కణాలను చూపే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్. అసలు జవాబు ఇక్కడే దొరుకుతుంది. కొద్దిగా తడిపిన క్యాటలిస్ట్‌ని ఇథనాల్‌లో అల్ట్రాసోనికేట్ చేసి రాగి గ్రిడ్ మీద ఒక చుక్క. బంగారం గ్రిడ్ వద్దు, గ్రిడ్‌లోని బంగారం మీ బంగారంతో కలిసిపోతుంది. గ్రిడ్‌లో నాలుగైదు చోట్ల ఫొటోలు తీయించి, కనీసం 200 కణాలు కొలిచి హిస్టోగ్రాం గీయండి. అందమైన ఒక్క ఫొటోలోంచి ముప్ఫై కణాలు కొలిచి సగటు చెబితే రివ్యూయర్ వదలడు, వదలకూడదు కూడా. సగటు 3–5 నానోమీటర్లలో వస్తే పని బాగా జరిగినట్టే.

మామూలు టీఈఎం ఫొటో కూర్పు చెప్పదు. స్టెమ్ మోడ్‌లో (సన్నటి ఎలక్ట్రాన్ కిరణంతో చుక్కచుక్కగా చూసే పద్ధతి) ఈడీఎస్ (ఆ చోట ఏ మూలకం ఎంత ఉందో చెప్పే కొలత) తీయించండి, అదీ ఒక్కొక్క కణం మీద పాయింట్ పెట్టి, ఇరవై ముప్ఫై కణాలకి. ప్రతి కణంలోనూ రెండు లోహాలూ ఉన్నాయా, నిష్పత్తి ఎంత చెదిరి ఉంది, ఇదీ చూడాల్సింది. పెద్ద కణాలు బంగారంతో, చిన్నవి పల్లాడియంతో నిండి ఉండడం తరచూ కనిపిస్తుంది, దాచకుండా రాయండి. ఎస్‌ఈఎమ్‌లో (ఇంత సూక్ష్మంగా చూడలేని, ఉపరితలం చూపే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) తీసిన ఎర్ర చుక్కలూ పచ్చ చుక్కలూ ఉన్న మ్యాప్ చూపించి "రెండూ సమానంగా పరుచుకున్నాయి" అనేవాళ్లు ఉన్నారు. ఆ మ్యాప్‌లో ఒక చుక్క వెడల్పులో వందల కణాలు పడతాయి. దాన్నిబట్టి ఏదీ తేలదు.

11. ఎక్స్‌పీఎస్, అంటే ఉపరితలం మీది లోహం ఏ స్థితిలో ఉందో చెప్పే పరీక్ష. పల్లాడియం 3డీ పీక్ 335 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. బంగారం 4డీ పీక్ కూడా సరిగ్గా అక్కడే! దీన్ని పట్టించుకోకుండా ఫిట్ చేస్తే పల్లాడియం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. బంగారం 4ఎఫ్ (84.0) తీవ్రతని బట్టి 4డీ వాటా లెక్కకట్టి తీసేయాలి. 336.5 పైన భుజంలా ఉంటే ఆక్సీకరణం చెందిన పల్లాడియం.

12. పని చేస్తుందా? తేలికైన పరీక్ష 4-నైట్రోఫినాల్. 1 మిల్లీమోలార్ ద్రావణం 5 మి.లీ. తీసుకుని నీళ్లతో 50 మి.లీ. చేయండి, 19 మి.గ్రా. బోరోహైడ్రైడ్ వేయండి. పసుపు ముదిరి 317 దగ్గరి పీక్ 400 నానోమీటర్లకి జరుగుతుంది, ఎత్తు 1.8 దరిదాపుల్లో ఉంటుంది. క్యాటలిస్ట్ 1 మి.గ్రా. తూచడం నమ్మకమైన పని కాదు, 10 మి.గ్రా. 10 మి.లీ. నీళ్లలో చెదరగొట్టి అందులో 1 మి.లీ. పోయండి. నిమిషానికోసారి తీసి, సిరంజి ఫిల్టర్‌లో వడగట్టి చూడండి. 400 తగ్గుతూ, 300 దగ్గర కొత్త పీక్ (నైట్రోఫినాల్ మారగా వచ్చిన 4-అమైనోఫినాల్‌ది) పెరుగుతూ పోవాలి.

ఆ 300 పీక్ గురించి నొక్కి చెబుతున్నాను. యాక్టివేటెడ్ కార్బన్ రంగుల్ని పీల్చేస్తుంది, దాన్ని నీటి ఫిల్టర్లలో వేసేదే అందుకు. 400 తగ్గింది, 300 పెరగలేదు అంటే మీ పదార్థం నైట్రోఫినాల్‌ని మింగేసింది, మార్చలేదు. అందుకే పోలికలు తప్పవు: క్యాటలిస్ట్ లేకుండా, లోహం లేని కార్బన్ (పీవీఏ, బోరోహైడ్రైడ్, ఆమ్లం అన్నీ అదే వరసలో తగిలించినది), బంగారం ఒక్కటే, పల్లాడియం ఒక్కటే, ఆ రెండు పొడులూ కలిపినది, చివరికి మీది. అన్నిట్లో లోహం మోల్స్ సమానం. మీది ఈ పొడుల మిశ్రమం కంటే గెలవకపోతే "సినర్జీ" (రెండూ కలిసి విడివిడిగా కంటే ఎక్కువ పనిచేయడం) అనే మాట వాడకండి.

ఉష్ణోగ్రత కూడా రాయాలి. మే నెలలో మధ్యాహ్నం ల్యాబులో ఉన్న వేడి, డిసెంబరు పొద్దుటి వేడి ఒకటి కావు, రేటు కాన్‌స్టెంట్ దానికి తగ్గట్టు మారిపోతుంది. నీళ్ల తొట్టిలో 30 డిగ్రీలకి పెట్టుకుని చేయండి. మొదటి నిమిషాల్లో ఏమీ జరగనట్టుంటే కంగారు వద్దు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ప్రభావం అది.

బంగారం కొనలేం అంటే

పల్లాడియం–రాగి, పల్లాడియం–నికెల్ చేయొచ్చు, కానీ పై పద్ధతిలో 6వ మెట్టు పనికిరాదు. పీహెచ్ 1 దగ్గర రాగి, నికెల్ కరిగి నీళ్లలోకి వెళ్లిపోతాయి. రాగి అయితే వడపోత నీళ్లలో అమ్మోనియా వేసి చూడండి, నీలం వస్తే మీ రాగి అక్కడుంది. వీటికి ఇంప్రెగ్నేషన్ నయం: 1 గ్రాము కార్బన్‌కి నీళ్లు చుక్కచుక్కగా వేస్తూ ఎన్ని మి.లీ.లకి ముద్దలా అవుతుందో ముందు కొలవండి, అంతే పరిమాణంలో లవణాలు కరిగించి పోసి కలిపి, ఆరబెట్టి, 5 శాతం హైడ్రోజన్ కలిపిన నైట్రోజన్‌లో 300 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు రిడక్షన్ చేయండి. గాలిలో కాల్చకండి, పల్లాడియం తగిలిన కార్బన్ మామూలు కంటే తక్కువ వేడికే కాలి బూడిదవుతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఫర్నేస్ కంట్రోలర్‌కి యూపీఎస్ పెట్టుకోండి. గది వేడికి దిగేదాకా నైట్రోజన్ ఆపొద్దు, వేడిగా ఉండగా ట్యూబ్ తెరవొద్దు. టీఈఎంకి రాగి ఉన్న నమూనా అయితే రాగి గ్రిడ్ బదులు నికెల్ గ్రిడ్ అడగండి.

ఇంకొన్ని

మిషన్లు మా కాలేజీలో లేవండి అంటే, ఐ-స్టెమ్ పోర్టల్‌లో బుక్ చేసుకోవచ్చు, ఐఐటీ మద్రాస్, ఐఐటీ బాంబేలలో సైఫ్ కేంద్రాలు బయటివాళ్ల నమూనాలు తీసుకుంటాయి. నమూనాతోపాటు ఉత్త కార్బన్ కూడా పంపండి, రెండోసారి పంపే ఖర్చు తప్పుతుంది. ఫారంలో "ఎక్స్‌ఆర్‌డీ కావాలి" అని ఊరుకోకుండా 36–42 డిగ్రీల మధ్య నెమ్మది స్కాన్, ఏ హోల్డర్, ఎన్ని కణాల మీద పాయింట్ ఈడీఎస్, అన్నీ విడమరిచి రాయండి. రాయకపోతే వాళ్లకి అలవాటైన సెట్టింగులో తీసి పంపేస్తారు.

వాడిన ద్రావణాలు సింకులో పోయొద్దు. మన ఊళ్లలో సింకు నీళ్లు చేరేది మురుగు కాలువలోకి, ఆ కాలువ చేరేది చెరువుల దగ్గరికి. బంగారం, పల్లాడియం ఉన్న నీళ్లన్నీ ఒక సీసాలో పోసి పేరు రాసి ఉంచితే తర్వాత లోహం వెనక్కి తీసుకోవచ్చు. బోరోహైడ్రైడ్ మిగిలిన నీళ్లని రాత్రంతా హుడ్‌లో మూత లేకుండా ఉంచి, బుడగలు ఆగాక, పలచని ఆమ్లం కొద్దికొద్దిగా వేసి చూసి, అప్పుడు సీసాలోకి పోసుకోండి.

మళ్లీ మళ్లీ వాడి చూపించేటప్పుడు, ఐదోసారికి చురుకుదనం తగ్గిందంటే లోహం కరిగిపోయిందని వెంటనే తేల్చేయకండి. ప్రతి వడపోతలో కాస్త పొడి పేపరుకి అంటుకుని పోతుంది. ప్రతిసారీ ఆరబెట్టి తూచి, మిగిలిన బరువుకి తగ్గట్టు నైట్రోఫినాల్ తగ్గించి పోయండి. నిజంగా కరుగుతోందా అని తెలియాలంటే, రియాక్షన్ సగంలో ఉండగా క్యాటలిస్ట్ మొత్తం వడగట్టేసి, మిగిలిన ద్రావణంలో తాజా బోరోహైడ్రైడ్ చేర్చి 400 పీక్ ఇంకా తగ్గుతుందేమో చూడండి. తగ్గుతూ ఉంటే లోహం నీళ్లలో ఉంది, ఆ నీళ్లని కూడా ఐసీపీకి పంపండి.